ఎవరి సాక్ష్యం ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

క్రిస్మస్ రోజున మీరు రెండు పేజీలు ప్రత్యేకంగా వేశారు. ఒక పేజీ నిండా కేకులు కోస్తున్న నాయకులే. లెక్కపెట్టాను, పదకొండు కేకులు. అవి ఎవరు తిన్నారో ఒక్క ఫోటోలోనూ కనపడలేదు. దాని మీద నాకు పేచీ లేదు, ఏటా ఉండే తంతే. రెండో పేజీలో ఒక పాస్టరు గారు రాసిన వ్యాసం గురించే ఈ ఉత్తరం. దేవుడు తనకు చేసిన మేలును ప్రతి విశ్వాసీ నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పాలనీ, అలా చెబితేనే మనల్ని చూసి ఇతరులు కదులుతారనీ, నోరు విప్పనివాడు దీపం వెలిగించి కుంచం కింద పెట్టినవాడితో సమానమనీ ఆయన రాశారు. మత్తయి సువార్త ఐదో అధ్యాయం చూపించారు.

నాకు డెబ్బై రెండేళ్లు. ఒంగోలు బాప్టిస్టు కుటుంబంలో పుట్టినవాణ్ణి. ఆదివారం ఆరాధనల్లో, ఉజ్జీవ కూటాల్లో, ఇంటి ప్రార్థనల్లో నేను విన్నన్ని సాక్ష్యాలు కోర్టు బంట్రోతు కూడా విని ఉండడు. మా చిన్నతనంలో సాక్ష్యమంటే తాగుడు మానానని, పెళ్లాన్ని కొట్టడం మానానని చెప్పేవాళ్లు. ఆ పెళ్లాం కూడా స్త్రీల వైపు చాప మీద కూర్చుని ఉండేది గనక అబద్ధమాడితే అక్కడికక్కడే తేలిపోయేది. ఇప్పుడు అమ్మాయికి వీసా వచ్చింది, స్థలం రిజిస్ట్రేషన్ అయింది, కారు కొన్నాం అని చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి, సంతోషం వస్తే ఎవరు మాత్రం ఆపుకుంటారు? కాకపోతే వీసా రానివాడు వెనక బెంచీలో తల దించుకుని కూర్చుంటాడు, వాడి మొహం నాకు కనపడుతూ ఉంటుంది.

నన్నూ లేపారు. “అన్నా, కుష్టు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు సేవ చేశావు, ఒక్క మాట సాక్ష్యం చెప్పు” అని. లేచాను. నోరు పెగల్లేదు. “ప్రభువుకు స్తోత్రం” అని కూర్చున్నాను. సిగ్గుపడ్డాననుకున్నారు. అది సిగ్గు కాదు. ఆ వ్యాసం చదివాక, కారణమేమిటో కాగితం మీద పెట్టాలనిపించింది.

మేము మాదిగలం. మా తాత ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టేవాడు. ఆరె, రంపె, గూటం, తంగేడు చెక్క నానేసి తోలు ఊనబెట్టే లంద, ఇవే మా ఆస్తి. ఆయన కుట్టిన చెప్పులు కరణం గారు తొడుక్కుని నడిచే వీధిలోనే ఆయన తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. ఆ విద్యతోనే నాకు ఉద్యోగం వచ్చింది. 1976లో వెల్లూరు దగ్గర కరిగిరిలో కుష్టు రోగుల చెప్పులు తయారుచేయడం నేర్చుకుని, మరుసటేడు కోస్తాలో ఒక మిషను ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి పేరు రాయను. ఇందులో చెప్పబోయే తప్పు నాది, ఆ ఊరిది కాదు.

పాస్టరు గారికి జవాబు చెప్పేముందు మా పని ఏమిటో చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. కుష్టు వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని జనం అనుకుంటారు. కరిగిరి వెళ్లేదాకా నేనూ అనుకున్నాను. రాలవు. ఆ క్రిమి నరాలను చంపుతుంది, చచ్చిన నరానికి నొప్పి తెలియదు. పొయ్యి మీది గిన్నె చుర్రుమన్నా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. అలా తెలియక అయిన గాయాలే పుండ్లై, ఎముకదాకా పోయి, వేలు కరిగిపోతుంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ దీన్ని పట్టుకుని 1948 నుంచి చచ్చుపడిన చేతులకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆయన కాలంలో వేళ్లు బాగుచేసి పంపిన రోగుల చేతులు రాత్రికి రాత్రి దెబ్బతింటుంటే, కాపలా కాసి చూస్తే నిద్రలో ఎలుకలు కొరుకుతున్నాయట. అప్పటినుంచి ఇంటికి పోయే రోగి చేతిలో ఒక పిల్లిని పెట్టి పంపేవారని మాకు ట్రైనింగులో చెప్పారు. పిల్లి కూడా వైద్యమే అని నవ్వుకున్నాం గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాంటి కాలికి కుట్టే చెప్పు వేరు. లోపల మెత్తటి నల్ల రబ్బరు ఉంటుంది, మైక్రో సెల్యులర్ రబ్బరు, మేము ఎంసీఆర్ అంటాం. రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కితే సగానికి దిగాలి, వదిలితే తిరిగి లేవాలి. కింద ముల్లు దిగని గట్టి అడుగు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, ఎందుకంటే వేళ్లు వంకరపోయిన కాలు చెప్పును పట్టుకోలేదు. అన్నిటికన్నా పెద్ద నియమం, శీల కొట్టకూడదు. అంటించాలి, కుట్టాలి.

చేరిన మొదటివారం నేనేం చేశానో చెబుతాను. రోగిని కాగితం మీద నిలబెట్టి, పెన్సిలు అతని చేతికే ఇచ్చి, “నీ కాలి చుట్టూ నువ్వే గీసుకో” అన్నాను. వేళ్లు లేని చేతికి పెన్సిలు ఇచ్చాను! మా తాతను అంటుకోనివాళ్ల మీద చిన్నప్పటినుంచి కోపం పెంచుకున్నవాణ్ణి, ఒక మనిషి పాదం అంటుకోలేకపోయాను. డ్రెస్సింగు గది పెద్ద సిస్టరు అటుగా పోతూ చూసింది. ఏమీ అనలేదు. వచ్చి కింద కూర్చుని, ఆ కాలు మోకాలి మీద పెట్టుకుని, తనే గీసి, కాగితం నాకిచ్చి వెళ్లింది. మూడోరోజో నాలుగోరోజో పెన్సిలు నేనే పట్టుకున్నాను.

ఆమెను దేవతని చేస్తున్నాననుకునేరు. ముక్కు మీద కోపం. గాజుగుడ్డ జానెడు ఎక్కువ కత్తిరిస్తే వార్డంతా వినపడేలా తిట్టేది. కీర్తన పాడితే పక్కవాళ్లకు శ్రుతి తప్పేది. తెల్లవారుజామున ఐదింటికి బైబిలు చదువుకునేది, ఏడింటికల్లా బకెట్లలో గోరువెచ్చని నీళ్లు సిద్ధం. వరసగా కూర్చున్న రోగుల కాళ్లు నీళ్లలో నానబెట్టడం, గట్టిపడ్డ చర్మం గీకడం, నూనె రాయడం, పుండు కడిగి కట్టు కట్టడం. ఏసు శిష్యుల కాళ్లు కడిగాడని మంచి శుక్రవారం ముందు గురువారం చర్చిల్లో పన్నెండు మందిని కూర్చోబెట్టి కడుగుతారే, అది ఆమెకు ఏడాదికి మూడు వందల రోజులు.

ఆసుపత్రిలో ఉదయం ప్రార్థన ఉండేది. ఇష్టం లేనివాళ్లు వరండాలో కూర్చోవచ్చనేది ఆమె. ఇలా చాలాచోట్ల అంటారు, కానీ కూర్చున్నవాడికి లోపల భయం ఉంటుంది కదా, కట్టు ఆలస్యంగా కడతారేమో, మాత్ర తక్కువిస్తారేమో అని. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. ప్రార్థన జరుగుతుండగానే వరండాలో ఉన్నవాళ్లకు ముందు టీ. ఆమెన్ అన్నవాళ్లకు తర్వాత. కొత్తగా వచ్చిన ఒక పెద్దమనిషి దీన్ని తప్పుపట్టాడు. “రొట్టెకీ దేవుడికీ లంకె వేస్తే, రొట్టె అయిపోయాక దేవుడు కూడా అయిపోతాడండీ” అంది. అంతకుమించి ఆమె నోట నేను ప్రసంగం వినలేదు.

ఇక్కడ మా ఒంగోలు సంగతి ఒకటి చెప్పాలి. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ, కరువు పని కింద బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు. కూలీ దొరికితే గంజి దొరుకుతుంది, గంజి దొరికితే ప్రాణం నిలుస్తుంది. వేలమంది తవ్వారు. మా ముత్తాత కూడా పలుగు పట్టాడని మా నాయన చెప్పేవాడు, అప్పటికి పదిహేడేళ్ల కుర్రాడట. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఈ అంకె మా సంఘంలో చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు. ప్రతి వార్షికోత్సవంలో మైకులో వినపడుతుంది.

అదే కథలో ఇంకో అంకె ఉంది. పదిహేను నెలలు. కూలి డబ్బు తన చేతుల మీదుగా పోతున్నంతకాలం, జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం అడుగుతున్నా క్లౌ పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట వాళ్ల మీదా పడకూడదు, తన మీదా పడకూడదు. కరువు పని ముగిశాక, ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేనప్పుడు వచ్చినవాళ్లే ఆ 2,222 మంది. అన్నానికి మతం మారారని ఇప్పటికీ మమ్మల్ని అనేవాళ్లున్నారు. వాళ్లకు జవాబు ఆ పదిహేను నెలల్లో ఉంది. మన ప్రసంగీకులు దాన్ని మాత్రం ఎత్తరు, 2,222 అన్నంత గట్టిగా సున్నా అని మైకులో చెప్పడం కుదరదనుకుంటా.

సరే, నా శీల దగ్గరికి వస్తాను.

1979లో ఒక శనివారం సాయంత్రం. ఒక గొర్రెల కాపరి, అరవై దాటిన పెద్దాయన, చెప్పు పట్టీ ఊడిపోయి వచ్చాడు. ఆయన ఊరికి ఆఖరి బస్సు ఐదూ నలభైకి. అంటిస్తే రాత్రంతా ఆరాలి, కుడితే గంట పడుతుంది. “అబ్బాయ్, గొర్రెలు దొడ్లో ఉన్నయ్, కాసేవాడు లేడు” అన్నాడు. రెండు శీలలు కొట్టి, లోపలికి వచ్చిన మొనలు వంచి, “తాతా, మంగళవారం రా, సరిగ్గా కుట్టిస్తా” అని పంపాను. ఆయన పద్దెనిమిది రోజులకు వచ్చాడు. నవ్వుకుంటూ వచ్చాడు, ఆయన ఎప్పుడూ అంతే. ఆయన వెనక సిమెంటు నేల మీద ఎర్రటి చుక్కలు. నేను అటు చూస్తుంటే, ఎవరికో దెబ్బ తగిలిందనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూశాడు.

వంచిన మొన లేచి నిలబడింది. పద్దెనిమిది రోజులు దాని మీద నడిచాడు, గొర్రెల వెంట.

సిస్టరు చెప్పు విప్పింది, శీల చూసింది, నన్ను పిలిచింది. తిడుతుందనుకున్నాను. గాజుగుడ్డకు తిట్టే మనిషి దీనికి తిట్టలేదు. బేసిన్ నా చేతికిచ్చి పట్టుకోమంది. కడుగుతున్నంతసేపూ పట్టుకున్నాను. పుండు ఎముకను తాకిందని అప్పుడే తెలిసింది. కట్టు కట్టాక చెప్పు నా చేతిలో పెట్టి అంది: “ఇకనుంచి ఏ చెప్పు ఇచ్చినా లోపల చెయ్యి పెట్టి తడిమి ఇవ్వు. ఆయన కాలికి తెలియదు. నీ చేతికి తెలుస్తుంది.”

కేసు షీటులో ‘చెప్పులో శీల’ అని రాసింది, దాచలేదు. డాక్టరు గారి ముందు నిలబడాల్సి వచ్చింది. నాతోపాటు ఆమె కూడా వచ్చి, “ఆ శనివారం కాళ్లు చూడకుండా బస్సుకు పంపింది నేను” అంది. చూడాల్సిన నియమం ఉన్నమాట నిజమే. కానీ ఆ మాట ఆమె అనకపోతే ఎవరికీ గుర్తుకు వచ్చేది కాదు.

పెద్దాయన నాలుగు నెలలు పిండికట్టుతో మంచాన ఉన్నాడు. బొటనవేలి ఎముక కొంత తీసేశారు. ఇంట్లోవాళ్లు పదకొండు గొర్రెలు అమ్ముకున్నారు. నా జీతంలోంచి కొంత తీసుకెళ్లి ఆయన మంచం మీద పెట్టాను. తీసుకోలేదు. “నాకు బస్సు దొరకాలని కొట్టావ్ గానీ ఊరకే కొట్టావా అబ్బాయ్” అన్నాడు. ఆయన గంగమ్మ భక్తుడు, నుదుట బొట్టు చెరగనిచ్చేవాడు కాదు. క్షమించడం గురించి నేను చిన్నప్పటినుంచి కంఠస్థం చేసిన వాక్యాలన్నీ ఆ రోజు నాకు ఆ బొట్టు పెట్టుకున్న మనిషి నోటినుంచి అర్థమయ్యాయి.

ఇప్పుడు చెప్పండి, సంఘంలో లేచి నిలబడి నేనేం సాక్ష్యం చెప్పను? ఆ కథలో కడిగినది సిస్టరు, క్షమించినది గొర్రెల కాపరి. శీల కొట్టినవాణ్ణి నేను.

ఆయన ఉన్న నాలుగు నెలల్లోనే నాకు ఇంకో సంగతి చెప్పాడు. మా నల్ల రబ్బరు చెప్పులు వేసుకుని బస్సెక్కితే పక్కవాడు లేచి నిలబడతాడట. “ఈ చెప్పులు తొడిగితే మెళ్లో గంట కట్టినట్టే అబ్బాయ్” అన్నాడు. అందుకే చాలామంది రోగులు ఆసుపత్రి గేటు దాటగానే విప్పి సంచిలో పెట్టుకునేవాళ్లు. పుండ్లు ఎందుకు మానడం లేదో నాకు అప్పుడు తెలిసింది. బజారుకు పోయి మామూలు శాండల్స్ రెండు జతలు కొనుక్కొచ్చి విప్పి చూశాను. ఎంసీఆర్ అంచు బయటికి కనపడకుండా గోధుమరంగు రెక్సిన్ చుట్టి, బకిల్ మార్చి, బాటా కొట్టులో ఉన్నట్టు చేశాను. జతకు మూడు రూపాయలు ఎక్కువైంది. స్టోరువాళ్లు ఒప్పుకోరనుకున్నాను, ఒప్పుకున్నారు. ఏళ్ల తర్వాత, సిస్టరు పోయాక, స్టోరు గుమాస్తా చెప్పాడు. మొదటి ఏడాదంతా ఆ మూడు రూపాయలు ఆమె జీతంలోంచి పోయాయట.

పాస్టరు గారు చూపిన వాక్యం దగ్గరికి వస్తాను. మీ వెలుగు మనుషుల ముందు ప్రకాశించనివ్వండి అని ఐదో అధ్యాయంలో ఉన్నమాట నిజమే. ఒక్క పేజీ తిప్పితే ఆరో అధ్యాయంలో, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని కూడా ఆ ఏసే అన్నాడు. ఈ రెండూ ఎలా కుదురుతాయని నాకు చాలాకాలం తలకెక్కలేదు. ఐదో అధ్యాయాన్ని జాగ్రత్తగా చదివితే, మీ మంచి పనులు చూసి తండ్రిని పొగడాలని ఉంది. పనులు కనపడాలంది. చేసినవాడు మైకు పట్టుకోవాలనలేదు. నేను పండితుణ్ణి కాను, తప్పైతే పాస్టరు గారు దిద్దవచ్చు.

మా పక్కింటాయన కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తన కేసులో తానే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లుతుందా అని ఆయన్ని అడిగాను. “చెప్పుకోవచ్చు. కాకపోతే కేసులో లాభమున్నవాడి మాటను జడ్జిగారు ఒక కంట కనిపెడుతూ వింటారు. ఏ సంబంధమూ లేని దారినపోయేవాడు వచ్చి చెబితే బరువెక్కువ” అన్నాడు.

మా గొర్రెల కాపరి అలాంటి సాక్షి. ఊరికి పోయాక ఆయన ఏం చేశాడో వినండి. ఎవరి వీపు మీదైనా రాగిరంగు మచ్చ కనపడితే, కోడి ఈకతో దాని మీద రాసి, “తెలుస్తుందా?” అని అడిగేవాడు. ఈక చిట్కా సిస్టరు దగ్గర నేర్చుకున్నదే. తెలియదంటే మర్నాడు బస్సెక్కించి తనే తీసుకొచ్చేవాడు. ఇరవై ఏళ్లలో తొమ్మిది మందిని తెచ్చాడు. అందులో ఒక పిల్లవాడు ఎనిమిదో తరగతి, నాన్నమ్మ భయపడి దాచిపెట్టింది. మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యాన్ని 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖాయం చేశాక వచ్చినవాడు గనక అదృష్టవంతుడు, ఒక్క వేలు వంకరపోలేదు. ఇప్పుడు ఆర్టీసీ బస్సు నడుపుతున్నాడు.

ఆ పిల్లవాడి నాన్నమ్మ నాకు చెప్పింది, పెద్దాయన రచ్చబండ మీద కూర్చుని ఏమనేవాడో. “అక్కడ ఒకామె ఉంది. కాళ్లు కడుగుద్ది. ఏమీ అడగదు.” ఇంతే ఆయన చెప్పేది. ఏసు పేరు రాలేదు, బాప్తిస్మం మాట రాలేదు. ఆయన చనిపోయేదాకా గంగమ్మ భక్తుడే. ఒకసారి బయటినుంచి వచ్చిన అతిథి ఒకాయన సిస్టరును అడిగాడు, “ఇన్నేళ్లలో ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారమ్మా?” అని. “ఆ లెక్క రాయలేదండి. డ్రెస్సింగులైతే రిజిస్టరులో ఉన్నాయి, చూస్తారా?” అంది. ఆయన చూడలేదు.

ఇలాంటివి మా ఒక్క ఆసుపత్రిలోనే జరిగాయని కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రి 1915లో మొదలైంది. డాక్టర్ ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ ఆవిడ, ఆమె భర్త కట్టించారు. అందుకు పెద్ద మొత్తం ఇచ్చింది రాజా నర్సాగౌడ్, హిందువు. సేవాగ్రాం ఆశ్రమంలో కుష్టు సోకిన పర్చురే శాస్త్రి గారి ఒంటికి గాంధీగారు తన చేతులతో మర్దన చేసిన ఫోటో మీరందరూ చూసే ఉంటారు. పాదం కడగడానికి మతం సర్టిఫికెట్టు అక్కర్లేదని నాకు తెలుసు. మా సిస్టరుకు మాత్రం ఆ బలం ఎక్కడినుంచి వచ్చేదో తెల్లవారుజామున ఐదింటికి ఆమె గది కిటికీలో లైటు చూసినవాళ్లకు తెలుసు. ఆమె చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. పాస్టరు గారు సాక్ష్యం అడిగారుగా, ఇదే, నాది కాదు, ఆమెది.

నేను రిటైరై పద్నాలుగేళ్లు దాటింది. అలవాటు పోలేదు. మనవరాలి స్కూలు బూట్లు పొద్దున్నే తీసుకుని లోపల చెయ్యి పెట్టి తడుముతాను. “తాతయ్యా, నాకు తెలుస్తుందిలే” అంటుంది. తెలుస్తుంది, దానికి అన్నీ తెలుస్తాయి. అయినా తడుముతాను.

చివరగా మీకొక విన్నపం. జనవరి 30 గాంధీగారి వర్ధంతి, అదే రోజు కుష్టు నిర్మూలన దినం. ఈ జబ్బు ప్రజారోగ్య సమస్య కాకుండా పోయిందని 2005 డిసెంబరులో ప్రకటించాక అందరూ మరిచిపోయారు. కుష్టు ఉందని విడాకులు తీసుకోవచ్చనే నిబంధన చట్టాల్లోంచి పోయింది 2019లో, మొన్నమొన్న. దేశంలో ఏటా లక్షకు పైగా కొత్త కేసులు ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. కేకుల పేజీ అంత అక్కర్లేదు, ఆ రోజున ఒక మూలన నాలుగు వాక్యాలు వేయండి. ఒంటి మీద పాలిపోయిన లేదా రాగిరంగు మచ్చ ఉండి, దాని మీద ఈకతో రాస్తే తెలియకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోవాలి. మందు ఉచితం. ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే తగ్గిపోతుంది. వేళ్లు వంకరపోకముందే వెళ్లాలి.

నా పేరు, చిరునామా కవరు మీద ఉన్నాయి. దయచేసి అచ్చువేయకండి.

ఇట్లు,
విశ్రాంత చెప్పుల పనివాడు,
ఒంగోలు

తా.క.: ఈక అంటే మెత్తటి కొస. కొందరు పుల్లతో గుచ్చి చూస్తున్నారు, అది వద్దని కూడా వేయండి.